ఆవకాయ నేనే నేర్పగలను, దానికి బీటెక్ ఎందుకు?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. తన ర్యాంకుకు బాపట్లలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి ఫుడ్ టెక్నాలజీ బీటెక్‌లో సీటు రావచ్చంటున్నారు. ఒక ప్రైవేటు కాలేజీవారు యాజమాన్య కోటాలో కంప్యూటర్ సైన్స్, ఏఐ సీటు ఇస్తామంటున్నారు. బంధువులు ‘వంటల చదువా?’ అని నవ్వుతున్నారు. ఆవకాయ పెట్టడం నేనే నేర్పగలను కదా, దానికి నాలుగేళ్లా అని నాకూ అనిపిస్తోంది. రెండింటినీ పోల్చి చెప్పండి. బంధువులకు జవాబు చెప్పలేకపోతున్నాం.
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో బంధువులు రెండుసార్లు కనిపించారు. అమ్మాయి ఏమంటోందో ఒక్క ముక్క కూడా లేదు. ఫలితాల తర్వాత నాకు వచ్చే ఉత్తరాలు చాలావరకు ఇలాగే ఉంటాయి. అడిగేది కోర్సు గురించి, భయం మాత్రం పెళ్లి పందిట్లో పక్క కుర్చీలో కూర్చున్నవారు ‘అమ్మాయి ఏం చదువుతోంది?’ అని అడిగితే ఏం చెప్పాలా అని. ర్యాంకుల సంగతి మీకు తెలిసిందే, దాన్ని వదిలేసి ఆ భయం గురించే మాట్లాడతాను.

ముందుగా ఆవకాయ. జాడీలో తడి గరిటె పెట్టనివ్వరు కదా? ముక్కల తడి తుడుస్తారు, పైన నూనె తేలేదాకా పోస్తారు. మీ చేతికి తెలిసిన ఈ జాగ్రత్తలకు కారణాలు చెప్పేదే ఆ చదువు. ఉప్పు నీటిని పట్టేసుకుంటే బ్యాక్టీరియాకు, బూజుకు దక్కే నీరు తగ్గిపోతుంది. పులుపు వల్ల పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 4.6 కంటే దిగువన ఉంటే, బొట్యులినమ్ అనే ప్రాణాంతక విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరగలేదు. చిత్తూరు జిల్లా ఫ్యాక్టరీలలో తయారయ్యే మామిడి గుజ్జు పుల్లనిది కాబట్టి, డబ్బాలో నిలవ ఉంచడానికి మరిగే నీటి వేడి సరిపోతుంది. అదే పులుపు లేని ముద్దపప్పును సంచిలో మూసి నెలల తరబడి ఫ్రిజ్ లేకుండా ఉంచాలంటే, ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల దాకా వేడి చేయాలి. ఎన్ని నిమిషాలు? సంచి నడిమధ్యకు ఆ వేడి చేరడానికి ఎంతసేపు పడుతుందో లెక్క కట్టాలి. ఎంపీసీ చదివిన పిల్లకు పని పడేది అక్కడే.

అందుకే అందులో థర్మోడైనమిక్స్ ఉంటుంది, మైక్రోబయాలజీ ఉంటుంది, ఆహార రసాయనశాస్త్రం, ప్యాకేజింగ్, ఆహార చట్టాలు ఉంటాయి. వంట ఉండదు. ఇది హోటల్ మేనేజ్‌మెంటూ కాదు, హోం సైన్సూ కాదు. మీరు జాడీలో ఆవకాయ పెడితే చెడేది ఒక జాడీ. ఫ్యాక్టరీలో ఒక పూట పొరపాటు జరిగితే చెడేది ఎన్ని వేల ఇళ్ల అన్నమో ఊహించుకోండి. వేరుశనగనే చూడండి. బూజు పుట్టించే అఫ్లటాక్సిన్ అనే విషం కంటికి కనిపించదు, వేయించినా పూర్తిగా పోదు. నేరుగా తినే పల్లీలలో దాని రకాలన్నీ కలిపి కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా సంఘం ఆ సరుకును రానివ్వదు. కాయను పరీక్షించి పంపవచ్చో లేదో చెప్పే మనిషి కావాలి కదా?

ఇక చేదు సంగతులు. మొదటి ఉద్యోగం చాలామందికి నాణ్యత పరీక్షల విభాగంలోనే దొరుకుతుంది. తలకు వల, కాళ్లకు గంబూట్లు. డెయిరీకి పాలు తెల్లవారకముందే వస్తాయి. భీమవరం వైపు రొయ్యల ప్లాంటుకు సరుకు రాత్రి వచ్చినా ‘రేపు చూద్దాం’ అనడానికి వీలుండదు. మొదటి జీతం, మీ బంధువుల అబ్బాయి సాఫ్ట్‌వేర్ జీతం పక్కన పెడితే చిన్నగానే కనిపిస్తుంది. ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకు ఈ డిగ్రీ అర్హతే గాని, ఆ ప్రకటనల కోసం ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోబెట్టకండి. కొత్త ఉత్పత్తులు రూపొందించే పరిశోధన వైపు వెళ్లాలంటే పీజీ చేయక తప్పదు. పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఫుడ్ టెక్నాలజీ విభాగం ఉంది, మైసూరులో 1950 నుంచి నడుస్తున్న కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ ఉంది.

ఆ రెండో సీటు సంగతికి వస్తాను. కంప్యూటర్ల మీద నాకు పగ లేదు. ప్రోగ్రాములు రాస్తూ అన్నం మరిచిపోయే పిల్లలను చూశాను, వాళ్లు ఆ దారిలోనే వెళ్లాలి. నా అనుమానమంతా బోర్డు మీది పేరు గురించే. కంప్యూటర్ సైన్స్ పక్కన ఏటా ఒక కొత్త పేరు చేరుతోంది. నేను వెళ్లి చూసిన ఒక కాలేజీలో ప్రయోగశాల పాతదే, పాఠాలు చెప్పేవారూ పాతవారే, తలుపు మీద పలక మాత్రం కొత్తది. ఏఐ అంటే గణితం, ముఖ్యంగా సంభావ్యత, మాత్రికలు. అవి గట్టిగా నేర్పని చోట ఆ రెండక్షరాలు ఫీజు పెంచడానికి తప్ప దేనికి పనికొస్తాయి? పైగా ఏఐ వల్ల మొదట మారిపోతున్నవి కొత్తగా చేరినవారికి అప్పగించే చిన్న చిన్న ప్రోగ్రామింగ్ పనులే. అలాంటి సీటు కోసం పొలం తాకట్టు పెట్టి యాజమాన్య కోటాకు కట్టి, ఆ అప్పు బరువును పద్దెనిమిదేళ్ల పిల్ల మీద మోపడం నాకు నచ్చదు. కోపం వస్తే రానివ్వండి, ఆ డబ్బు మీరు కడుతున్నది చదువు కోసమా, బంధువుల నోరు మూయించడానికా?

పోల్చమన్నారు, నేను ఒక వైపే ఎక్కువ మాట్లాడానని తెలుసు. మీరు ప్రైవేటు సీటు వైపు అప్పటికే సగం ఒరిగి ఉత్తరం రాశారనిపించింది, అందుకే. బాపట్ల వెళితే పిల్ల జీవితం పాడవదు. కంప్యూటర్ మీద ఆసక్తి మిగిలితే ఫ్యాక్టరీల లెక్కలకూ ప్రోగ్రాములు కావాలి, పక్కన నేర్చుకోవచ్చు.

ఫుడ్ టెక్నాలజీ సీట్లకు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడిగా ప్రకటన ఇచ్చి దరఖాస్తులు పిలుస్తుంది. ఆ తేదీ దాటనివ్వకండి. ఈలోగా ఒక పూట అమ్మాయిని తీసుకుని బస్సులో బాపట్ల వెళ్లి రండి. అక్కడ చదువుతున్న ఆడపిల్లలతో ఆమెను విడిగా మాట్లాడనివ్వండి, మీరు దూరంగా కూర్చోండి. తిరిగి వచ్చేటప్పుడు ‘ఏమనుకుంటున్నావు?’ అని అడిగి, నరసరావుపేట వచ్చేదాకా మధ్యలో అడ్డు తగలకుండా వినండి. బంధువులకు తర్వాత చెప్పవచ్చు.