గైనిక్ తీసుకుంటే ఇల్లు నడవదా?

ప్రశ్న: మా అమ్మాయి హౌస్ సర్జన్. పీజీలో గైనిక్ తప్ప మరోటి వద్దంటోంది. మాకేమో సంబంధాలు వస్తున్నాయి. రాత్రీపగలూ పరుగులు పెట్టించే బ్రాంచి వద్దు, చర్మవ్యాధులు చూసే డెర్మానో, స్కాన్లు చదివే రేడియాలజీనో తీసుకోమంటే వినడం లేదు. పెళ్లయ్యాక ఇల్లు, ఆసుపత్రి రెండూ నెగ్గుకురాగలదా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: నెగ్గుకురాగలదమ్మా. అయితే ఆ మాట బ్రాంచి పేరు చూసి చెప్పలేం, డ్యూటీ చార్టు చూసి చెప్పాలి. పైగా పీజీ మూడేళ్లు ఒక లెక్క, ఆ తర్వాతి జీవితం ఇంకో లెక్క. మీరు రెండింటినీ కలిపేసి భయపడుతున్నారు.

ముందు మూడేళ్ల సంగతి. పెద్దాసుపత్రుల్లో డిపార్ట్‌మెంటును యూనిట్లుగా విడదీస్తారు. ఒక్కో యూనిట్‌కు వారంలో ఒకటి అడ్మిషన్ డే. ఆ రోజు వచ్చిన కాన్పులు, జిల్లాల నుంచి రిఫర్ చేసిన కేసులు అన్నీ ఆ యూనిట్‌వే. మీ అమ్మాయి యూనిట్‌కు అది సోమవారం అనుకోండి. పొద్దున ఎనిమిదికి వెళితే లేబర్ రూమ్‌లోనే తెల్లారుతుంది. మంగళవారం రౌండ్లు, కేస్ షీట్లు ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి బయటపడితే 30 గంటలు. మిగతా నాలుగు రోజులు పదేసి గంటల చొప్పున 40. ఆదివారం రౌండ్లకు నాలుగు. మొత్తం 74. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి ఇంతకు మించరాదని సూచించిన అంకె కూడా 74, అదీ వారంలో ఒక రోజు సెలవుతో. ఎక్కడ చెడుతుందంటే, మంగళవారం రెండు కాస్తా రాత్రి ఎనిమిదవుతుంది. తోటి పీజీ సెలవు పెడితే గురువారం సాయంత్రం ఆరు నుంచి మర్నాడు ఎనిమిది దాకా ఇంకో నైట్ మీద పడుతుంది. 74 కాస్తా 94. పిల్లల్ని కుంగదీసేది ఈ పైన పడే 20 గంటలే.

అందుకే సీట్ల కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టేముందు ఆ కాలేజీ ఫస్ట్ ఇయర్ పీజీలతో మాట్లాడమనండి. ‘పని ఎలా ఉంటుంది’ అని అడిగితే ‘బాగానే ఉంటుంది’ అంటారు. యూనిట్‌లో ఫస్ట్ ఇయర్లు ఎంతమంది, నెలకు నైట్లు ఎన్ని, పోస్ట్ డ్యూటీ రోజు, అంటే నైట్ చేసిన మర్నాడు, నిజంగా ఎన్నింటికి వదులుతున్నారు, పోయిన నెలలో వీక్లీ ఆఫ్‌లు ఎన్ని దొరికాయి అని అడగాలి. బ్లడ్ బ్యాంకుకు శాంపిల్ ఎవరు తీసుకెళతారో కూడా అడగమనండి. చిన్న విషయంలా ఉంటుంది గానీ, వార్డ్ బాయ్‌లు చాలని చోట ఆ తిరుగుడంతా పీజీ కాళ్ల మీదే, నిద్ర గంటలు అక్కడే పోతాయి.

2023 నాటి పీజీ నిబంధనల ప్రకారం ఏడాదికి 20 క్యాజువల్ లీవులు, ఐదు అకడమిక్ లీవులు, పని ఒత్తిడిని బట్టి వారానికి ఒక ఆఫ్ ఉన్నాయి. ప్రసూతి సెలవూ ఉంది. లెక్కకు మించి సెలవు వాడితే ఆ మేరకు కోర్సు పొడిగిస్తారు, 80 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. హాస్టల్ ఇవ్వడం కాలేజీ బాధ్యత, అందులో ఉండి తీరాలని మాత్రం లేదు. గది తీసుకోమనే చెబుతాను. అడ్మిషన్ డే మర్నాడు అక్కడే కనీసం రెండు గంటలు పడుకుని కదలాలి. నిద్ర కళ్లతో స్కూటీ తీయనివ్వకండి, నా మాట విని ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండండి. గాంధీలో సీటు వస్తే మీ దగ్గర మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారితే ఆసుపత్రి పేరుతోనే స్టేషన్ ఉంది. ఉస్మానియా మెడికల్ కాలేజీ అయితే మారే పని కూడా లేదు.

ఇక మీరు చెప్పిన బ్రాంచిలు. డెర్మాలో నైట్లు తక్కువ, నిజమే. కానీ సొంత క్లినిక్ పెడితే రద్దీ అంతా సాయంత్రాలు, శని, ఆదివారాలే. ఇంట్లో వాళ్లు ఖాళీగా ఉండే వేళలే అవి. రేడియాలజీలో అర్ధరాత్రి యాక్సిడెంట్ కేసుకు సీటీ చదివేవాళ్లు ఉండాల్సిందే. ఇష్టం లేని బ్రాంచిలో తక్కువ గంటలు కూడా బరువే.

పీజీ అయ్యాక గైనిక్‌లో బతుకు తీరు ప్రాక్టీసును బట్టి ఉంటుంది. ఒంటరిగా నర్సింగ్‌హోమ్ నడిపితే ‘మా డాక్టరమ్మే రావాలి’ అంటారు, రాత్రి రెండింటికైనా వెళ్లాలి. ముగ్గురు నలుగురు కలిసి పనిచేసే చోట కాల్స్ వంతులవారీగా పంచుకుంటారు. ఏ రోజు ఎవరు వస్తారో గర్భిణికి మొదటి నుంచే చెప్పి ఉంచితే పేచీ రాదు. కార్పొరేట్ ఆసుపత్రిలో చేరేటప్పుడు ఆఫర్ లెటర్‌లో జీతం అని ఉందా, ప్రొఫెషనల్ ఫీజు అని ఉందా చూసుకోవాలి. ఉద్యోగిగా చేరితే చట్టప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు. ఫీజు మీద కన్సల్టెంటుగా చేరితే ఆ సెలవు అడిగినా రాకపోవచ్చు. చాలామందికి ఈ తేడా కడుపుతో ఉన్నప్పుడు గానీ తెలియదు.

పెళ్లి విషయానికొస్తే, ఫస్ట్ ఇయర్ మొదటి ఆరు నెలలు వదిలేయండి. పని నేర్చుకోవడం, థీసిస్ ప్రోటోకాల్ (పరిశోధన ఎలా చేస్తామో రాసిచ్చే ప్రణాళిక) రెండూ అప్పుడే నెత్తిన ఉంటాయి. ముహూర్తం ఖాయం కాగానే, రెండు నెలల ముందే హెచ్‌ఓడీకి, అంటే డిపార్ట్‌మెంట్ హెడ్‌కు, లీవ్ లెటర్ ఇచ్చి, తన డ్యూటీలు ఎవరు చేస్తారో, బదులుగా వాళ్లవి తను ఎప్పుడు చేస్తుందో రాసుకోవాలి. పెళ్లిచూపుల్లో ఒక నెల డ్యూటీ చార్టు అబ్బాయికి, వాళ్ల అమ్మకు చూపించండి. సోమవారం వెళ్లి మంగళవారం వస్తుందని, ఆ రోజు వంట తన మీద ఉండదని అప్పుడే తేల్చుకోండి.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి పోయి, ఏడుపు వస్తోందంటే ‘అందరూ పడిందే’ అనకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

కాళోజీ వర్సిటీ వెబ్ ఆప్షన్లు మొదలైనప్పుడు కాలేజీల వరుస మీ అమ్మాయే పెట్టుకోనివ్వండి. లాగిన్ పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే ఫోన్ రెండూ తన దగ్గరే ఉండాలి.