మా అబ్బాయికి లైఫ్ కోచ్‌ను పెట్టమంటారా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. గ్రూప్స్ పోయినప్పటి నుంచి, నెలన్నరగా, గది దాటి రావడం లేదు. సరిగా తినడు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నాడు. ఆన్‌లైన్‌లో ఒక లైఫ్ కోచ్ మూడు నెలల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటున్నారు. కట్టమంటారా?
- ఒక తల్లి, టెక్కలి

జవాబు: ఇప్పుడే కట్టకండమ్మా. ఇలాంటి మార్పులు రెండు వారాలు దాటాయంటే డిప్రెషనేమో ముందు డాక్టరు చూడాలి. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు కూడా అడగండి, నీరసం వాటివల్లా రావచ్చు.

లైఫ్ కోచింగ్ చెడ్డదని కాదు. మనసు కుదురుగానే ఉండి, మళ్లీ పరీక్ష రాయాలా, ఉద్యోగం చూసుకోవాలా అని తేల్చుకోలేని వాళ్లకు అది బాగా పనికొస్తుంది. కోచ్ లక్ష్యం రాయించి, వారం వారం ఎంతవరకు వచ్చిందని అడుగుతారు. డిప్రెషన్‌లో ఉన్నవాడు మంచం దిగడమే కష్టం. అనుకున్నది చేయలేకపోయిన ప్రతి వారం ‘నేను పనికిరాను’ అన్న నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. మాటలతో చికిత్స చేసే థెరపిస్టు అయితే ఆ నమ్మకాన్నే పట్టుకుంటారు. అది ఎప్పుడు మొదలైంది, ఎంతవరకు నిజం అన్నది అబ్బాయి చేతే పరీక్షింపజేస్తారు.

మన దేశంలో లైఫ్ కోచ్‌లకు లైసెన్సు చట్టం లేదు. థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టునైతే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

ఇంకొక్కటి, ఇది ఈరోజే చేయండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తీసేయండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.