గ్రాడ్యుయేషన్ పార్టీ జూన్‌లో, కాలేజీ బిల్లు ఆగస్టులో

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. అందరికీ గ్రీన్‌కార్డులు ఉన్నాయి. మా అమ్మాయి ఈ మే నెలాఖరుకు హైస్కూలు పూర్తి చేసి, రాష్ట్రంలోనే ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేరబోతోంది. ఫీజు, హాస్టలు, భోజనం కలిపి ఏడాదికి 27,000 డాలర్లు. ఆమె పేర 529 ఖాతాలో (కాలేజీ చదువు కోసం పన్ను మినహాయింపుతో పొదుపు చేసే ఖాతా) 42,000 ఉన్నాయి, అందులో మేము వేసినది 28,000. బ్యాంకులో 14,000 ఉన్నాయి. ఇద్దరి ఆదాయం 1,48,000. ఇన్నేళ్లూ అందరి పిల్లల పార్టీలకూ వెళ్లి తిని వచ్చాం కనుక 150 మందిని పిలవక తప్పదని మా ఆవిడ అంటోంది. బాంక్వెట్ హాలు వారు భోజనాలతో కలిపి 12,000 చెప్పారు. అందులో 9,000 డాలర్లు 529 నుంచి తీసి, చదువుకు తగ్గిన మొత్తానికి పేరెంట్ ప్లస్ రుణం (తల్లిదండ్రుల పేర ఇచ్చే ఫెడరల్ విద్యా రుణం) తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు, కానీ తీసుకోవద్దనే నా సలహా. 529 ఖాతా నుంచి చదువుకు సంబంధం లేని ఖర్చుకు డబ్బు తీస్తే, తీసిన దానిలో లాభం వాటాపై ఆదాయపు పన్నుతో పాటు 10 శాతం జరిమానా కూడా పడుతుంది. మీ ఖాతాలో మూడో వంతు లాభమే కనుక 9,000లో 3,000 లాభంగా లెక్కకు వస్తుంది. మీ ఆదాయానికి వర్తించే 22 శాతం శ్లాబులో 660 డాలర్ల పన్ను, 300 డాలర్ల జరిమానా, వెరసి 960 డాలర్లు పోతాయి. ఆ 9,000 లోటును పూడ్చడానికి తెచ్చే పేరెంట్ ప్లస్ రుణంపై 2025-26 విద్యా సంవత్సరపు వడ్డీ 8.94 శాతం. పైగా రుణం చేతికి రాకముందే 4.228 శాతం రుసుము, అంటే సుమారు 380 డాలర్లు, కోసుకుంటారు. ఒక సాయంత్రం విందు కోసం పన్ను, జరిమానా, రుసుము కట్టి, ఆపైన ఏళ్ల తరబడి వడ్డీ కూడా భరించడం ఏ లెక్కలోనూ నిలవదు.

ఇక మీరు అడగని విషయం ఒకటి ఉంది, నా దృష్టిలో పార్టీ కన్నా అదే ముఖ్యం. 529లో డబ్బుంది కదా అని చాలామంది తల్లిదండ్రులు మొదటి బిల్లు మొత్తం అందులోనుంచే కట్టేస్తారు. మీ ఆదాయం దంపతులకు ఉన్న 1,60,000 డాలర్ల గీతకు లోపలే ఉంది కనుక అమెరికన్ ఆపర్చునిటీ టాక్స్ క్రెడిట్ మీకు పూర్తిగా వర్తిస్తుంది. ఏడాదిలో కట్టిన ట్యూషన్ ఫీజు, పుస్తకాల ఖర్చులో మొదటి 2,000 డాలర్లకు పూర్తిగా, తరువాతి 2,000కు నాలుగో వంతు చొప్పున మొత్తం 2,500 డాలర్లు మీ పన్నులో తగ్గుతుంది. అయితే ఆ 4,000 డాలర్లు 529 నుంచి కట్టినవి కాకూడదు. సొంత డబ్బుతోనో, అమ్మాయి పేర తీసుకున్న రుణంతోనో కట్టి ఉండాలి. కాబట్టి ట్యూషన్‌కు నగదు, రుణం వాడి, 529 డబ్బును హాస్టలుకూ భోజనానికీ వాడండి. కనీసం సగం కోర్సు భారంతో చదివే విద్యార్థికి ఆ ఖర్చులు కూడా 529 నిబంధనలకు లోబడినవే. ఈ క్రెడిట్ నాలుగు పన్ను సంవత్సరాలకే వస్తుంది, అంటే మొత్తం 10,000 డాలర్లు.

దీన్నిబట్టి నాలుగేళ్ల లెక్క వేద్దాం. ఫీజులు పెరగవనుకుంటే ఖర్చు 1,08,000. దానిలో 529 నుంచి 42,000 వస్తుంది. అమ్మాయి పేర ఇచ్చే ఫెడరల్ రుణం మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500, ఆ తరువాత రెండేళ్లూ 7,500 చొప్పున మొత్తం 27,000 అవుతుంది. (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబాలకు ఇచ్చే హెచ్-4 వీసాపై ఉన్న పిల్లలకు ఈ రుణం దొరకదు, గ్రీన్‌కార్డు ఉన్నందుకు మీకు దొరుకుతుంది.) పన్ను క్రెడిట్ 10,000 కలుపుకుంటే మీరు జీతాల నుంచి సర్దవలసింది 29,000, సగటున నెలకు 600 డాలర్ల పైచిలుకు. ఇద్దరు సంపాదిస్తున్న ఇంట్లో కొంత బిగించుకుంటే ఇది సాధ్యమే కనుక పేరెంట్ ప్లస్ గడప తొక్కవలసిన అవసరమే మీకు ఉన్నట్టు నాకు కనిపించడం లేదు.

అసలు ఇరుకు ఆగస్టులో ఉంది. మొదటి సెమిస్టరు బిల్లు 13,500లో 529 నుంచి 5,250, రుణంలో సగం 2,750 పోగా 5,500 డాలర్లు అప్పటికి చేతిలో ఉండాలి. మీ 14,000లో అది పక్కన పెట్టి, కారు చెడిపోయినా ఉద్యోగం ఊగినా ఆదుకునేందుకు 5,000 ముట్టుకోకుండా ఉంచితే, వేడుకలన్నిటికీ మిగిలేది 3,500. నిజానికి అత్యవసర నిధిగా 5,000 కూడా తక్కువే. జనవరి బిల్లుకు ఇప్పటినుంచే జీతంలో కొంత పక్కకు తీయాలి, లేదా విశ్వవిద్యాలయం వాయిదాల్లో కట్టే వీలు ఇస్తుందేమో అడగాలి.

ఆ 3,500లో మొదట అమ్మాయి పేర 1,200 తీసిపెట్టండి. ప్రామ్ (హైస్కూలు ముగిసేముందు జరిగే డాన్స్ పార్టీ) గౌను, టికెట్టు, ఇయర్‌బుక్, క్యాప్ అండ్ గౌన్ రుసుము, స్నేహితులతో సీనియర్ ట్రిప్, ఇవన్నీ ఆమె ఏడాది తాలూకు ఖర్చులు. బడిలో జరిగే హోమ్‌కమింగ్ వేడుకకు రిబ్బన్లు, గంటలు వేలాడే ఆ పెద్ద ‘మమ్’ పూవుకు ఎంత పోశారో టెక్సస్ తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. ఆ జాబితా ఆమెనే రాయమని, ఆ మొత్తంలోనే సర్దుకోమని చెప్పండి. బాంక్వెట్ హాలు కోసం ప్రామ్‌లో కోత పెట్టడం నాకు న్యాయంగా తోచదు, ఎందుకంటే హాలుకు వచ్చే 150 మందిలో ఎక్కువ మంది మీ స్నేహితులు.

మీ ఆవిడ మాటను నేను తోసిపుచ్చడం లేదు. తిన్న ఇళ్లకు తిరిగి పెట్టాలన్న ఆలోచన మర్యాదైనదే, అయితే అదే పట్టింపుతో ఉన్న మరో రెండు కుటుంబాలు మీ చుట్టుపక్కలే ఉంటాయి. పిల్లలు ఒకే బడివారైతే పిలిచే జాబితాలు సగానికి పైగా కలుస్తాయి కనుక ముగ్గురూ కలిసి ఒకే పార్టీ చేసుకోండి. మీ కాలనీ క్లబ్‌హౌస్ అద్దెకు దొరికితే, భోజనాలు ట్రేల లెక్కన తెప్పించి, డీజేనూ రిటర్న్ గిఫ్టులనూ వదిలేస్తే, మీ వాటా మిగిలిన 2,300కు మించకుండా చూసుకోవచ్చు. హాలుకు అడ్వాన్సు ఇవ్వకముందే ఈ మాట ఆ కుటుంబాలతో మాట్లాడండి.

కార్డుల్లో పెట్టి ఇచ్చే చదివింపులను మాత్రం పార్టీ లెక్కలో కలపవద్దు, అవి అమ్మాయివి. వేసవిలో ఆమె ఏదైనా పని చేసి జీతం సంపాదిస్తే, సంపాదించిన మేరకు, ఏటా ఉండే పరిమితికి లోబడి, ఆ చదివింపులను రాత్ ఐఆర్ఏ అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాలో వేయవచ్చు. నిబంధన చూసేది ఆమెకు అంత సంపాదన ఉందా లేదా అనే కానీ, వేసినవి ఏ నోట్లు అని కాదు.

చివరిగా, 529 నుంచి డబ్బు తీసే తేదీ, ఖర్చు చెల్లించిన తేదీ ఒకే క్యాలెండరు సంవత్సరంలో ఉండేలా చూసుకోండి. జనవరిలో కట్టే హాస్టలు బిల్లుకు డిసెంబరులోనే డబ్బు తీసిపెట్టుకుంటే రెండు సంవత్సరాల లెక్కలు కలగాపులగమవుతాయి. తీసిన ప్రతిసారీ ఆ రసీదును దాచుకోండి.