పాత హెడ్‌ఫోన్‌కు ఇంటి మరమ్మతు: ముందు మెత్తలు, ఆ తరువాత దూది, తీగ చివరకే

తొక్క రాలిపోతున్న మెత్తలతో ఉన్న పాత హెడ్‌ఫోన్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా, మంచి తీగ ఒకటి తెప్పించి మార్చితే పాట మరింత బాగా వినిపిస్తుందా అని మీరు అడిగారు. బాగుచేసుకోవచ్చు, కాని తీగతో మొదలుపెట్టకండి. నేను ఎనిమిదేళ్ళలో నాలుగు హెడ్‌ఫోన్లు విప్పాను, వాటిలో ఒకదాన్ని పూర్తిగా పాడుచేశాను. తీగ తెగకుండా, జాక్ వదులు కాకుండా ఉన్నంతకాలం దాన్ని మార్చినందువల్ల నాకు వినిపించిన తేడా ఏమీ లేదు. మెత్తలు మార్చినప్పుడు మాత్రం, ఇది అదే హెడ్‌ఫోనా అని అనుమానం వచ్చేటంత తేడా వచ్చింది.

నేను ఉండేది కాకినాడలో. ఇక్కడి సముద్రపు తేమలో కృత్రిమ తోలు మెత్తలు మూడు నాలుగేళ్ళకు మించి నిలవడం నేను చూడలేదు. పాలీయురెథేన్ పూత గాలిలోని తేమతో చర్య జరిపి, మనం వాడినా పెట్టెలో దాచినా, నెమ్మదిగా విడిపోతుంది. పాట విని లేచిన ప్రతిసారీ నా చెవుల చుట్టూ నల్లటి పొట్టు అంటుకుని ఉండేది. అది చూడడానికి అసహ్యంగా ఉండడం ఒక ఎత్తు, పూత పోయిన చోటల్లా గాలి బయటకు పోయి మంద్ర ధ్వనులు పలచబడిపోవడం మరొక ఎత్తు. చెవికీ డయాఫ్రమ్‌కూ (కదిలి శబ్దం పుట్టించే పలచని పొరకూ) మధ్య మూసుకుని ఉన్న గాలి అరను హెడ్‌ఫోన్‌లో ఒక భాగంగానే లెక్కపెట్టాలి. మెత్త మందం, లోపలి కంత వెడల్పు, పైన ఉన్నది తోలా మఖమలా అన్నదాన్ని బట్టి ఆ అర మారుతుంది, దాంతోపాటు స్వరం మారుతుంది. తోలు మెత్త మంద్రాన్ని నిలుపుతుంది. మఖమలు మెత్త చెవికి చల్లగా ఉంటుంది కాని, దాని పోగుల మధ్యనుంచి గాలి కొంత జారిపోతుంది కనుక మంద్రం తగ్గుతుంది. మీరు కళ్ళద్దాలు పెట్టుకునేవారైతే ఒక్కసారి అవి తీసి అదే పాట వినండి, అద్దాల కాడ మెత్తను ఎత్తిపట్టిన ఆ చిన్న సందు ఎంత మింగేస్తోందో తెలుస్తుంది.

కొత్త మెత్తలు పెట్టిన తరువాత కూడా శబ్దం డబ్బాలోనుంచి వచ్చినట్టు ఉంటే, అప్పుడు కప్పు, అంటే మెత్త వెనక ఉన్న ప్లాస్టిక్కు డొప్ప, విప్పే సంగతి ఆలోచించవచ్చు. నేను ఈ పని నేర్చుకున్నది ఫోస్టెక్స్ టి50ఆర్‌పి మార్క్ 3 మీద. ఇళ్ళలో ఇలాంటి ప్రయోగాలు చేసేవారు చాలామంది దాన్నే ఎంచుకుంటారు, ఎందుకంటే మెత్త లాగేస్తే స్క్రూలు ఎదురుగా కనిపిస్తాయి, జిగురు కరిగించవలసిన పని లేదు. అందులో కాగితపు కోను, తీగచుట్ట ఉండవు. అయస్కాంతాల మధ్య ఒక పలచని పొర, దాని మీదే అచ్చు వేసిన విద్యుత్ దారి ఉంటాయి, పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. ఆ అయస్కాంతాల బలం నాకు మొదటి రోజే తెలిసింది: బల్ల మీద పెట్టిన స్క్రూ టక్కున ఎగిరి డ్రైవర్ (పొర, అయస్కాంతాలు కలిసి శబ్దం పుట్టించే భాగం) వెనకకు అతుక్కుంది. అది ఇంకొంచెం ముందుకు పడి ఉంటే పొర చిరిగేది. అప్పటినుంచి విప్పిన స్క్రూలను పక్క గదిలో స్టీలు గిన్నెలో వేసి వస్తున్నాను.

కప్పు లోపల చేసేవి రెండే పనులు. మొదటిది, మోగకూడని ప్లాస్టిక్కు మోగకుండా దానికి బరువు పెట్టడం. మృదంగానికి ఎడమవైపు రవ్వ ముద్ద అద్దడం మీరు చూసే ఉంటారు. అక్కడ మోగవలసిన చర్మానికే బరువు పెట్టి స్వరాన్ని కిందికి దించుతారు. ఇక్కడ అలా కాదు, డయాఫ్రమ్ జోలికి పోకుండా, దాని చుట్టూ ఉన్న చట్రాన్ని మాత్రమే బరువెక్కించాలి. పిల్లలు బొమ్మలు చేసుకునే నూనె క్లే ఇందుకు సరిపోతుంది, నీటితో కలిపే మట్టి మాత్రం ఎండి రాలిపోతుంది. నేను ఒక్కో వైపు 20 గ్రాముల చొప్పున తూచి పెట్టాను, అయినా మే నెల ఎండలకు అది మెత్తబడి జారింది. రెండోసారి దానిపైన గుడ్డ టేపు వేశాక నిలిచింది.

రెండవ పని దూది. కప్పు వెనక గోడకు తగిలి తిరిగివచ్చే శబ్దాన్ని దూది కొంత పీల్చుకుంటుంది కనుక, గాయకుడి గొంతు చుట్టూ ఉన్న ఆ డబ్బా మోత తగ్గుతుంది. మొదటిసారి దిండు కుట్టినట్టు కూరి పెట్టాను, వీణ మీటు పదును పోయి దుప్పటి కప్పుకుని వాయించినట్టు వినిపించింది. తీసి, విడదీసి, రేగుపండంత దూది పలచగా పరిచాక సరిపోయింది. కప్పుకు గాలి రంధ్రాలుంటే మందుల షాపులో దొరికే కాగితపు సర్జికల్ టేపుతో ఒక్కొక్కటే మూసి చూడండి, నచ్చకపోతే పీకేయవచ్చు. రెండు వైపులా ఒకేలా చేయడం, ఒకసారికి ఒక్క మార్పే చేయడం మరచిపోకండి, లేకపోతే ఏ మార్పు వల్ల ఏం జరిగిందో మీకే తెలియదు.

ఇక తీగ. తెగితే మార్చక తప్పదు. హైదరాబాదు వెళ్ళినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో 3.5 మిల్లీమీటర్ల జాక్‌లు, టంకపు తీగ తెచ్చుకుని ఒక పాత హెడ్‌ఫోన్ తీగ మార్చాను. సన్నని పోగులకు రంగు రంగుల ఎనామెల్ పూత ఉంటుంది, దాన్ని కాల్చకుండా టంకం పట్టదు. అది తెలియక ఒక గంట పోగొట్టుకున్నాను. ఆ తరువాత ఎడమ డ్రైవర్ దగ్గర రెండు కొసలూ తారుమారు చేశాను. రెండు చెవుల్లోనూ శబ్దం వస్తోంది కనుక పని అయిపోయిందనుకున్నాను. కాని నుదుటి మధ్యన నిలబడవలసిన గొంతు రెండు పక్కలకూ చీలిపోయింది, మృదంగం ఎడమ చేతి గుమ్కీలో, అంటే ఆ మంద్రపు జారుడు మోతలో, బరువు లేదు. ఒక డయాఫ్రమ్ ముందుకు వచ్చేటప్పుడు మరొకటి వెనక్కి పోతోందని రెండు రోజుల తరువాత గాని తట్టలేదు. కొసలు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఆ హెడ్‌ఫోన్ బాగుపడింది. నేను పాడుచేసింది వేరొకటి, దాని డ్రైవర్‌కు తీగ అతికే కాళ్ళ దగ్గర టంకం వేసే వేడి ఇనుమును ఎక్కువసేపు ఆనించి ప్లాస్టిక్కు కరిగించేశాను.

పోల్చి చూడడానికి కొత్త పాటలు వెతకకండి. మీకు గమకం గమకం నోటికి వచ్చిన ఒకే కచేరీ రికార్డింగును వాడండి. నేను తంబుర, వీణ, మృదంగం ఉన్న పన్నెండు నిమిషాల ముక్క ఒకటి పెట్టుకున్నాను. తంబుర శ్రుతి వీణ కింద వేరుగా వినిపించిన రోజున కప్పు మూసి స్క్రూలు బిగించేశాను, మూడేళ్ళుగా మళ్ళీ విప్పలేదు. ప్రతి మార్పుకూ ముందూ తరువాతా వాల్యూము ఒకేలా ఉండాలి, ఎందుకంటే కొంచెం పెద్దగా వినిపించేదే చెవికి మెరుగ్గా తోస్తుంది. మంద్రం తగ్గిందని వాల్యూము పెంచుకుంటూ పోవడం కూడా మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన హద్దు 80 డెసిబెళ్ళ వద్ద వారానికి 40 గంటలు.

ప్రస్తుతానికి మీరు చేయవలసింది పాత మెత్తను జాగ్రత్తగా లాగి, బయటి కొలత, లోపలి కంత కొలత, మందం మిల్లీమీటర్లలో రాసుకోవడం, వెనక ఉన్న పట్టీ గాడిలో దూరుతుందా, జిగురుతో అంటించారా అన్నది చూసుకోవడం. కొత్తవి వచ్చి సరిగ్గా కూర్చునేదాకా పాతవాటిని పారవేయకండి.