కుక్కపిల్లకు మొదటి స్నానం ఎప్పుడు చేయించాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. పది రోజుల కిందట 45 రోజుల ల్యాబ్రడార్ కుక్కపిల్లను తెచ్చుకున్నాం. కుక్కను పెంచడం మాకిదే మొదటిసారి. ఐదు రోజుల కిందట మొదటి టీకా వేయించాం. అది పోసిన మూత్రంలోనే పొర్లుతోంది, ఒళ్లంతా వాసన వస్తోంది. ఇంట్లో మూడేళ్ల బాబు ఉన్నాడు. స్నానం చేయించేదాకా లోపలికి రానివ్వొద్దని మా అత్తయ్య పట్టుబడుతున్నారు. బాబుకు వాడే షాంపూతో, నీళ్లలో కాస్త డెట్టాల్ వేసి చేయించొచ్చా? వారానికి ఎన్నిసార్లు చేయించాలి?
– ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: ఇంకో పది రోజులు ఆగండమ్మా. మీ అత్తయ్యగారికి కూడా నా మాటగా చెప్పండి.

45 రోజులకే ఆ పిల్ల మీ చేతికి వచ్చింది. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయినా మన దగ్గర 45 రోజులకు అమ్మడం మామూలైపోయింది. ఆ వయసులో పిల్ల ఇంకా తల్లి పొట్ట కింద, తోబుట్టువుల మధ్య ముడుచుకుని పడుకోవాలి. ఒంట్లో వేడిని సొంతంగా నిలుపుకొనే శక్తి దానికి అప్పటికి పూర్తిగా రాదు. కుక్కకు మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. మనకు జ్వరం అనిపించే వేడి దానికి ఆరోగ్యం. ఒళ్లు తడిస్తే ఆ వేడి చూస్తుండగానే దిగిపోతుంది.

ఒక భోగి రోజు ఉదయం నా దగ్గరకు శాలువాలో చుట్టిన పిల్లను తెచ్చారు. ఇంట్లో అందరికీ తలంట్లు పోశారు, ముచ్చటపడి దానికీ పోశారు. అదీ బోరు నీళ్లతో, పెరట్లో, ఏడు గంటలకు. థర్మామీటరు పెడితే 96 చూపించింది. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి, మెడ నిలపలేకపోతోంది. వేడినీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి చుట్టూ పెట్టి, చిగుళ్లకు చక్కెర నీళ్లు రాస్తూ కూర్చున్నాం. మధ్యాహ్నానికి లేచి నడిచింది. ఆ ఇంటివాళ్లది ప్రేమే తప్ప నిర్లక్ష్యం కాదు. దానికి తలంటడం ఒక ఎత్తైతే, ఆరబెట్టకుండా వదిలేయడం మరో ఎత్తు. పిల్లలకు ఎక్కువ ముప్పు తెచ్చేది ఆ రెండోదే.

టీకా వేశాక కనీసం వారం ఆగమనడానికి ఇంకో కారణం ఉంది. టీకా తర్వాత ఒకటి రెండు రోజులు పిల్ల కాస్త నలతగా ఉండొచ్చు. అదే సమయంలో స్నానం కూడా చేయిస్తే, రేపు తిండి మానేసినప్పుడు అది టీకా నలతా, చలి పట్టడమా, అసలు జబ్బే మొదలైందా అన్నది మీకూ తెలియదు, మాకూ తెలియదు.

ఈ పది రోజులూ గోరువెచ్చని నీళ్లలో ముంచి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో ఒళ్లు తుడవండి. పొట్ట కింద, తొడల మధ్య, కాళ్లు... మురికి అంటేది అక్కడే. ఆ వెంటనే పొడి గుడ్డతో తుడిచేయండి. పడుకునే గుడ్డ రోజూ మార్చండి. వాసనలో ఎక్కువ భాగం ఆ గుడ్డదే అయి ఉంటుంది.

స్నానం రోజుకు ముందు ఓ మూడు రోజులు ఉత్తుత్తి స్నానం ఆడించండి. బాత్‌రూమ్‌లో పొడి టబ్బులో నిలబెట్టి, అది తినే దాణా నాలుగు గింజలు పెట్టి ఎత్తుకొచ్చేయండి. మర్నాడు కుళాయి సన్నగా తిప్పి ఆ చప్పుడు విననివ్వండి. దీన్ని చాదస్తం అనుకోకండి. పిల్లకు 14 వారాల లోపు కలిగిన భయాలు చాలాకాలం ఉండిపోతాయి. 30 కిలోల ల్యాబ్రడార్ బాత్‌రూమ్ గడప దగ్గర కాళ్లు బిగబట్టి కూర్చుంటే లాక్కెళ్లడం ఇద్దరి వల్ల కూడా కాదు. అలాంటివాటిని వారానికొకటి చూస్తుంటాను.

అసలు స్నానానికి పదకొండు, పన్నెండు గంటల వేళ మంచిది. తిన్నాక రెండు గంటలు గడవాలి. ఫ్యాను ఆపి తలుపు వేయండి. టబ్బు అడుగున పాత తువ్వాలు పరవండి, కాలు జారకపోతే సగం భయం పోతుంది. నీళ్లు మీ మోచేతి మీద పోసుకుంటే వేడీ చలీ తెలియకుండా ఉండాలి. గీజరు నీళ్లు నేరుగా వాడొద్దు, బకెట్లో కలిపి చూసుకోండి. ఒక చెయ్యి ఛాతీ కింద ఉంచి, మగ్గును ఒంటికి ఆనించి, వీపు వెనక భాగం నుంచి నెమ్మదిగా పోయండి. తల మీద పోయొద్దు. ముఖం తడిగుడ్డతో తుడిస్తే చాలు. ల్యాబ్రడార్ చెవులు కిందికి వాలి ఉంటాయి కాబట్టి లోపలికి నీళ్లు పోతే ఆరవు, చీము పడుతుంది. చెవి మొదట్లో దూది ఉండ పెట్టండి, స్నానం అయ్యాక గుర్తుగా తీసేయండి.

బాబు షాంపూ ఒక్కసారి తగిలితే కొంపలేం మునగవు కానీ, అలవాటు చేయొద్దు. మన చర్మానికి ఆమ్లగుణం ఎక్కువ, కుక్క చర్మానికి తక్కువ. మనకు సరిపడేది దాని చర్మాన్ని ఎండగట్టి దురద పెడుతుంది. కుక్కపిల్లల షాంపూనే తెచ్చి, నీళ్లలో కలిపి వాడండి. నురగ పూర్తిగా పోయేదాకా కడగండి, మిగిలిన షాంపూ కూడా దురదే. డెట్టాల్ మాత్రం చుక్క కూడా వద్దు. కుక్క ఒళ్లు నాక్కుంటుంది, ఒంటి మీద పోసింది కడుపులోకి పోతుంది. కుంకుడు రసమూ వద్దు, కళ్లలో పడితే మనమే ఓర్చుకోలేం.

కడగడానికి ఐదు నిమిషాలైతే ఆరబెట్టడానికి అరగంట కేటాయించండి. రెండు తువ్వాళ్లు సిద్ధంగా ఉంచుకోండి. రుద్దకుండా అద్దుతూ తుడవండి. ల్యాబ్రడార్‌కు పైన బిరుసు వెంట్రుకలు, కింద దూదిలాంటి మెత్తటి పొర ఉంటాయి. పైన ఆరినట్టే ఉంటుంది, వేళ్లు లోపలికి పోనిస్తే చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం పోయేదాకా పని అయినట్టు కాదు. చంకలు, కాలివేళ్ల సందులు మరవొద్దు. హెయిర్ డ్రయర్ వాడితే తక్కువ వేడి మీద, మధ్యలో మీ అరచేయి అడ్డుపెట్టి చూసుకుంటూ పట్టండి.

నెలకొకసారి చాలు. వారం వారం చేయిస్తే చర్మంలోని నూనె పోయి గోక్కోవడం మొదలవుతుంది. ఇంత చేశాక కూడా రెండు రోజులకే వాసన తిరిగొస్తే మళ్లీ స్నానం చేయించకండి, చూపించండి. అది చెవిదో చర్మానిదో జబ్బు అయి ఉంటుంది.

బాబు గురించి మీ అత్తయ్యగారి భయం అర్థమవుతోంది. కానీ ఆ భయానికి మందు స్నానంలో లేదు, నట్టల (పేగుల్లోని పురుగుల) మందులో ఉంది. నట్టలు తల్లి కడుపులో ఉండగానే పిల్లకు వస్తాయి, మనుషుల పిల్లలకూ సోకుతాయి. 12 వారాలు వచ్చేదాకా రెండు వారాలకోసారి, ఆ తర్వాత ఆరు నెలల వయసు దాకా నెలకోసారి, బరువును బట్టి మందు పడాలి. మలంలో పడ్డ గుడ్లు అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి నాలుగు వారాలు పడుతుంది. అందుకే ఎప్పటిదప్పుడు ఎత్తిపారేసి, బాబు చేతులు సబ్బుతో కడిగితే చాలా వరకు నిశ్చింతగా ఉండొచ్చు.

గోమార్లు కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగేయండి, వేళ్లతో నలపకండి. కిరోసిన్, పెద్ద కుక్కలకు వాడే గోమార్ల మందు దాని దరిదాపుల్లో ఉండకూడదు. అమిట్రాజ్ ఉన్న మందులు నాలుగు నెలల లోపు పిల్లలకు పనికిరావు. దాని వయసుకు తగ్గ మందు డాక్టరే రాస్తారు.

టీకాలన్నీ పూర్తయ్యేదాకా, అంటే 16 వారాల దాకా, బయట గ్రూమింగ్ సెంటర్లకు తీసుకెళ్లొద్దు. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. స్నానం తర్వాత అరగంటైనా వణుకు తగ్గకపోయినా, చిగుళ్లు పాలిపోయినా, వాంతులు, విరేచనాలు మొదలైనా తెల్లవారేదాకా చూద్దామనుకోకండి. ఏ వేళైనా సరే, పొడి తువ్వాలులో చుట్టి, ఒడిలో పెట్టుకుని దగ్గర్లోని పశువైద్యుడి దగ్గరకు బయల్దేరండి.