నీళ్లు తక్కువ తాగితే చదివింది గుర్తుండదా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. ఉదయం చదివిన పాఠం సాయంత్రానికే గుర్తుండడం లేదని బాధపడుతోంది. మధ్యాహ్నం అయ్యేసరికి తలనొప్పి అంటుంది. స్కూలుకు పంపిన నీళ్ల సీసా దాదాపు నిండుగానే తిరిగొస్తోంది. నీళ్లు తాగకపోవడం వల్లే జ్ఞాపకశక్తి తగ్గుతోందా? రోజుకు ఎంత తాగాలి?
- ఒక తల్లి

జవాబు: నిండుగా తిరిగొస్తున్న సీసాకూ మధ్యాహ్నపు తలనొప్పికీ సంబంధం ఉండే అవకాశం ఎక్కువ. జ్ఞాపకశక్తి సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి. శరీర బరువులో 1 నుంచి 2 శాతం నీరు తగ్గినా కొందరిలో ఏకాగ్రత సడలుతుంది, చికాకు, నీరసం కనిపిస్తాయి. 50 కిలోల బరువున్న అమ్మాయికి అది అర లీటరు నుంచి లీటరు మాత్రమే. ఆటల పీరియడ్‌లో చెమట పట్టి, ఆ తర్వాత ఏమీ తాగకపోతే ఆ లోటు సులభంగానే ఏర్పడుతుంది. అలాంటప్పుడు చదివింది మరచిపోవడం కన్నా, చదివే సమయంలో మనసు నిలవక పాఠం అసలు బుర్రకెక్కకపోవడమే ఎక్కువగా జరుగుతుంది. 2011లో ప్రచురితమైన ఒక చిన్న అధ్యయనంలో, వ్యాయామంతో బాగా చెమటోడ్చిన టీనేజర్లు ఇచ్చిన పనిని మామూలుగానే చేయగలిగినా, అందుకోసం వారి మెదడు ఎక్కువ శ్రమపడినట్లు స్కానింగ్‌లో కనిపించింది. నీరు అందితే ఈ ఇబ్బంది సర్దుకుంటుంది కాబట్టి భయపడనక్కరలేదు. అయితే లోటు లేనివారు ఇంకా ఎక్కువ నీళ్లు తాగినంత మాత్రాన జ్ఞాపకశక్తి పెరుగుతుందనుకోవడం సరికాదు.

యూరప్ ఆహార భద్రతా సంస్థ లెక్క ప్రకారం 14 ఏళ్లు దాటిన అమ్మాయిలకు రోజుకు 2 లీటర్లు, అబ్బాయిలకు 2.5 లీటర్ల నీరు అందాలి. ఇందులో సుమారు ఐదో వంతు ఆహారం నుంచే వస్తుంది కనుక, మీ అమ్మాయి లీటరున్నర పైచిలుకు ద్రవాలు తీసుకుంటే సరిపోతుంది. ఎండలో తిరిగినా, ఆటలాడినా ఇంకాస్త పెంచాలి. మూత్రం లేత పసుపులో ఉంటే నీరు చాలినట్లే. బి విటమిన్ మాత్రలు వేసుకుంటే మాత్రం రంగు ఎలాగూ ముదురుతుంది, దాన్ని చూసి కంగారు పడకండి. పొద్దంతా మానేసి సాయంత్రం ఒక్కసారిగా గటగటా తాగించడం వల్ల పగటి తలనొప్పి తగ్గదు. పైగా తక్కువ వ్యవధిలో లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ముందు, స్కూల్లో ఎందుకు తాగడం లేదో అమ్మాయిని నెమ్మదిగా అడగండి. మరుగుదొడ్లు శుభ్రంగా లేవనో, క్లాసు మధ్యలో వెళ్తానని అడగడానికి మొహమాటపడో నీళ్లు మానేసే ఆడపిల్లలు చాలామంది ఉంటారు. అలా గంటల తరబడి బిగబట్టుకోవడం మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు కూడా దారితీస్తుంది. కారణం అదే అయితే ఇంట్లో ఎంత పోరినా ఆ సీసా ఖాళీ కాదు, టీచర్‌తోనే మాట్లాడాలి.

రెండు మూడు వారాలు సరిగా నీళ్లు తాగి, రాత్రి 8 గంటలకు తగ్గకుండా నిద్రపోయినా మతిమరుపు, తలనొప్పి అలాగే ఉంటే డాక్టర్‌కు చూపించి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, కంటి పరీక్ష చేయించండి. ఎంత తాగినా దాహం తీరక, పదేపదే మూత్రానికి వెళ్తూ, బరువు తగ్గుతున్నట్లయితే అన్ని రోజులు ఆగకుండా వెంటనే షుగర్ పరీక్ష చేయించాలి.