రెండో మోషన్ పూర్తయ్యేదాకా పెళ్లి బంధం ఉన్నట్టే

ప్రశ్న: మాది నెల్లూరు. 2021లో అక్కడే పెళ్లయింది. ఇద్దరం బెంగళూరులో ఉద్యోగాలు చేస్తూ మారతహళ్లిలో కాపురం ఉన్నాం. పిల్లలు లేరు. 14 నెలలుగా విడిగా ఉంటున్నాం. అందులో మొదటి 4 నెలలు ఓనరు అడ్వాన్స్ తిరిగివ్వక అదే ఫ్లాట్‌లో వేర్వేరు గదుల్లో ఉన్నాం. గొడవలేమీ లేవు, ఇద్దరికీ విడిపోవాలనే ఉంది. మూడు నెలల కిందట పెద్దల సమక్షంలో వంద రూపాయల స్టాంపు పేపరు మీద విడిపోతున్నట్టు రాసుకుని నోటరీ చేయించాం. అది సరిపోతుందా? కోర్టుకు వెళ్తే ఆరు నెలలు ఆగాల్సిందేనా? సర్జాపుర రోడ్డులో ఇద్దరి పేరు మీద లోన్ తీసుకుని కొన్న ఫ్లాట్ ఆయన ఉంచుకుంటానన్నారు. నాకేమీ వద్దు. నా బంగారం మాత్రం అత్తగారి లాకర్‌లో ఉంది. మావాళ్లు అప్పుడే సంబంధాలు చూస్తున్నారు.
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందుగా మీ వాళ్లకు ఒక మాట చెప్పండి. సంబంధాలు చూసుకోవచ్చు గానీ ముహూర్తం మాత్రం పెట్టవద్దు. స్టాంపు పేపరు మీద రాసుకున్నది విడాకులు కావు. నోటరీ ముద్ర ఉన్నా, ఊళ్లో పదిమంది పెద్దలు సంతకాలు చేసినా చట్టం దృష్టిలో మీరింకా భార్యాభర్తలే. హిందూ వివాహ చట్టంలోని 29వ సెక్షన్ కుల ఆచారం ప్రకారం తీసుకునే విడాకులను గుర్తిస్తుంది, నిజమే. కానీ అలాంటి ఆచారం తమలో తరతరాలుగా ఉందని సాక్ష్యాలతో రుజువు చేయాలి. చాలామంది చేయలేరు. డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు, లేకుండా మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకూ జైలు పడే నేరమవుతుంది. ఆ పేపరును పారేయకండి. విడిపోవాలని ఇద్దరూ అనుకున్నారనడానికి అది పనికొస్తుంది, అంతవరకే.

మీ దారి 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 13బి సెక్షన్. 1976లో వచ్చిన ఈ సెక్షన్‌నే అందరూ మ్యూచువల్ కన్సెంట్ అంటారు, అంటే ఇద్దరి సమ్మతితో తీసుకునే విడాకులు. ఏడాదికి తగ్గకుండా విడిగా ఉండాలి, ఇక కలిసి ఉండలేమని ఇద్దరూ ఒప్పుకోవాలి. ఒకే ఫ్లాట్‌లో గడిచిన ఆ 4 నెలల గురించి టెన్షన్ పడకండి. విడిగా ఉండడమంటే దాంపత్యం లేకుండా ఉండడమేనని, ఒకే కప్పు కింద ఉన్నా అది సాధ్యమేనని సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో చెప్పింది. పైగా ఆ 4 నెలలు వదిలేసినా మీకు పది నెలలు మిగులుతాయి, మరో రెండు నెలల్లో ఏడాది నిండుతుంది. నా సలహా, పిటిషన్‌లో ఉన్నదున్నట్టు రాయించండి. తేదీలు అటూ ఇటూ మార్చి సంతకం పెట్టొద్దు. జడ్జిగారి ముందు ప్రమాణం చేసి చెప్పాల్సింది మీరే.

పెళ్లి నెల్లూరులో జరిగినా, చివరిగా కలిసి కాపురం చేసింది ఇక్కడే కాబట్టి బెంగళూరు ఫ్యామిలీ కోర్టులోనే వేయొచ్చు. హెచ్. సిద్దయ్య రోడ్డులోని న్యాయ దేగులలో ఉంటుంది. మీడియేషన్ సెంటర్ కూడా ఆ భవనంలోనే ఉంది, మిమ్మల్ని అక్కడికి పంపే అవకాశం ఎక్కువ. కలిపే ప్రయత్నం చేయడం ఫ్యామిలీ కోర్టు బాధ్యత గనుక అలా పంపుతారు. మీ మీద అనుమానంతో కాదు. పెళ్లి సర్టిఫికెట్ లేకపోతే శుభలేఖ, పెళ్లి ఫోటోలు, ఇద్దరి ఆధార్, చిరునామా రుజువులు సిద్ధం చేసుకోండి.

ఇక ఆరు నెలల సంగతి. ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం మొదటి మోషన్. ఆ తేదీ నుంచి ఆరు నెలలు దాటాక, 18 నెలలు దాటకముందు ఇద్దరూ మళ్లీ కోర్టుకొచ్చి "మా మాట మీదే ఉన్నాం" అని చెప్పాలి. అదే రెండో మోషన్. ఈ ఆరు నెలలు తప్పనిసరి కాదని, తగిన కారణముంటే కోర్టు మినహాయించవచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అందులో ప్రధానమైన షరతు, మొదటి మోషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి. మీకు 14 నెలలే. ఆ షరతులు ఉదాహరణలు మాత్రమేనని 2021లో అమిత్ కుమార్ కేసులో అదే కోర్టు వివరించింది కాబట్టి అడగడంలో తప్పులేదు, దాన్నే నమ్ముకోవద్దు. లెక్క చూడండి. 18 నెలలు నిండేదాకా ఆగి వేసి, మినహాయింపు అర్జీ పెట్టుకుని, దాని వాయిదాలు ముగిసేసరికి దాదాపు 19, 20 నెలలవుతాయి. ఇప్పుడే వేసి ఆరు నెలలు మామూలుగా ఆగినా 20 నెలలే. కాబట్టి ఆ 4 నెలల విషయం మీ లాయరు చూసి సరేనంటే, ఇప్పుడే వేయడం మేలు.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. గొడవ లేని జంటలే రెండో మోషన్‌ను ఎక్కువగా వదిలేస్తారు. మొదటి వాయిదాకు వచ్చి సంతకాలు పెట్టి "అయిపోయింది" అనుకుంటారు. ఒకరు హైదరాబాద్ వెళ్తారు, ఒకరు అమెరికా వెళ్తారు. ఏళ్ల తర్వాత మళ్లీ పెళ్లి మాట వచ్చినప్పుడు డిక్రీ కోసం వెతికితే కేసు ఎప్పుడో కొట్టేసి ఉంటుంది. 18 నెలల గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. పైగా సమ్మతి డిక్రీ రోజు దాకా ఇద్దరిదీ నిలబడాలి. మధ్యలో ఆయన వద్దన్నా, మీరు వద్దన్నా ఈ పిటిషన్ నిలవదు. అందుకే రెండో మోషన్ తేదీని ఇద్దరూ క్యాలెండర్‌లో రాసుకోండి. లాయరు ఫోన్ చేస్తారులే అనుకోకండి.

"నాకేమీ వద్దు" అన్నారు. త్వరగా బయటపడాలన్న తొందరలో ఈ మాట అనే ఆడపిల్లలను చాలామందిని చూస్తుంటాను. వదులుకోవడం మీ హక్కే, కాదనను. కానీ ఒక్క సాయంత్రం కూర్చుని ఆ ఫ్లాట్‌కు మీ జీతం నుంచి వెళ్లిన డౌన్ పేమెంట్ ఎంత, ఈఎంఐలు ఎన్ని అని కాగితం మీద రాయండి. ఆ అంకె చూశాక కూడా వద్దనిపిస్తే అప్పుడు వద్దనండి.

ఫ్లాట్ వదిలేసినంత మాత్రాన లోన్ మిమ్మల్ని వదలదు. మీ ఒప్పందంలో "లోన్ ఆయనే కడతారు" అని రాసుకున్నా, కోర్టు దాన్ని డిక్రీలో చేర్చినా బ్యాంకుకు సంబంధం లేదు. బ్యాంకు చూసేది లోన్ పత్రం మీద మీ సంతకం. ఆయన రెండు కిస్తీలు ఎగ్గొడితే నోటీసు మీకూ వస్తుంది, మీ సిబిల్ స్కోరూ పడిపోతుంది. కాబట్టి ఆయన జీతం మీదే లోన్ నడుస్తుందని బ్యాంకు ఒప్పుకుని మీ పేరు తీసేయాలి. లేదంటే ఆయన మరో బ్యాంకులో కొత్త లోన్ తీసుకుని పాతది మూసేయాలి. ఇది రెండో మోషన్ కంటే ముందే పూర్తి కావాలి. ఇంట్లో మీ వాటాను ఆయనకు రాసివ్వడం కూడా అంతే. కర్ణాటకలో భార్యాభర్తల మధ్య గిఫ్ట్ డీడ్‌కు స్టాంపు డ్యూటీ చాలా తక్కువ. డిక్రీ వచ్చాక మీరు భార్యాభర్తలు కారు, ఆ రాయితీ దొరకదు. అయితే లోన్ నుంచి మీ పేరు పోయినట్టు బ్యాంకు రాసిచ్చిన ఉత్తరం చేతిలోకి రాకుండా ఏ డీడ్ మీదా సంతకం పెట్టకండి.

బంగారం మీ స్త్రీధనం. దాని మీద అడగాల్సిన పనిలేని హక్కు మీది. పెళ్లి ఫోటోలు, బిల్లులు పెట్టుకుని గ్రాములతో సహా జాబితా రాసి పిటిషన్‌కు జతచేయించండి. అత్తగారి లాకర్ దగ్గరికి అమ్మనో అన్నయ్యనో వెంట తీసుకెళ్లి తెచ్చుకుని, ముట్టినట్టు రాసివ్వండి. "డిక్రీ అయ్యాక ఇస్తాంలే" అంటే ఒప్పుకోకండి. ఆ మాట అన్నవాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ డిక్రీ తర్వాత మీకు వాళ్ల ఇంటికి వెళ్లడమే కష్టమవుతుంది.

ఇద్దరికీ ఒకే లాయరు ఉండొచ్చు, ఖర్చు తగ్గుతుంది. ఆస్తి ఉంది కాబట్టి ఆ లాయరు రాసిన ఒప్పందాన్ని సంతకానికి ముందు మీ తరఫున వేరే లాయరుతో ఒకసారి చదివించండి. భరణం వద్దనుకుంటే గతానికీ, ముందుకూ వద్దని స్పష్టంగా రాయించాలి. తీసుకుంటే, డీడీ రెండో మోషన్ రోజు కోర్టులోనే చేతికి రావాలి.

డిక్రీ వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీలకు అర్జీ పెట్టండి, కనీసం రెండు తీసుకోండి. ఇద్దరి సమ్మతితో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలో ఉంది, కాబట్టి ఆ కారణంగా ఆగాల్సిన పనిలేదు. కాపీ చేతికొచ్చాక పీఎఫ్, ఇన్సూరెన్స్, బ్యాంకు ఖాతాల్లో నామినీ పేరు మార్చుకోండి. మీ వాళ్లు పంతులుగారి దగ్గరికి వెళ్లాల్సింది ఆ తర్వాతే.